ఆ ‘కాబట్టి’ దగ్గర ఆగు

చెల్లెమ్మా,

ఒంటిమీద ఎర్రటి వెలుగు పడేలా చేసే రెడ్ లైట్ చికిత్స మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ‘రెడ్ లైట్ పెడితే కణాల్లోకి కాల్షియం చేరుతుంది, కాబట్టి కీళ్లు గట్టిపడతాయి’ అని రాశావు. మొదటి సగంలో కొంత నిజముంది. ఆ ‘కాబట్టి’ దగ్గరే నాకు భయమేసింది. శనక్కాయ చేలల్లో వంగి పనిచేసి మోకాళ్లు అరిగినవాళ్లు మన అనంతపురం పల్లెల్లో ఎంతమందో. నీ మాట నమ్మి మందులు మానేసి, మెషిన్ దగ్గర డబ్బు కట్టేది వాళ్లే.

ఎముకలో కాల్షియం చేసే పని వేరు, కణం లోపల చేసే పని వేరు. ముందు ఇది విడదీసి చెప్పు. కణం బయట ఉన్నదాంట్లో దాదాపు పదివేలవ వంతే లోపలి ద్రవంలో విడిగా ఉంటుంది. మిగతాదాన్ని కణం శక్తి ఖర్చుపెట్టి మరీ బయటికి తోడేస్తుంది. కణం పొరలోని ఛానళ్లు, అంటే సన్నటి దారులు, క్షణంసేపు తెరుచుకుని కాస్త లోపలికొస్తే చాలు, కండరం ముడుచుకుంటుంది, నరం కబురు అందిస్తుంది. అదే మితిమీరి నిలిచిపోతే కణం చచ్చిపోతుంది. ‘ఎంత చేరితే అంత మంచిది’ అనే లెక్క ఇక్కడ చెల్లదు.

దీనికి రింగర్ కథ చెప్పు. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు ఉప్పు ద్రావణంలో కప్ప గుండెను ఉంచాడు. ద్రావణం కుళాయి నీళ్లతో చేస్తే గుండె కొట్టుకుంది, డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే ఆగిపోయింది. తేడా కుళాయి నీళ్లలోని కాల్షియం. బోరు నీళ్లకు బిందెల్లో తెల్లగా పేరుకోవడం చూసే మనవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది.

ఇక వెలుగు సంగతి. ఎరుపు, పరారుణ కాంతిని కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోని ఒక ఎంజైమ్ పీల్చుకుంటుందని చాలామంది శాస్త్రవేత్తల అంచనా. కాంతి తగిలినప్పుడు కణంలో కాల్షియం పెరగడం ల్యాబ్‌లో పెంచిన కణాల్లో చూశారు. ‘ల్యాబ్‌లో’ అన్న మాట మాత్రం వదలకు. డోసు మించితే ఫలితం తగ్గిపోతుందనీ, తిరగబడొచ్చనీ రాయి. అతకని ఎముకలకు విద్యుదయస్కాంత పల్స్‌లు వాడటానికి అమెరికా 1979లోనే అనుమతిచ్చింది, కానీ అది వేరే చికిత్స. చెయ్యి తగలకుండా చేసే ‘ప్రాణశక్తి’ వైద్యాన్ని ఈ రెంటి పక్కన నిలబెట్టకు. ఆ శక్తిని ఇంతవరకూ ఎవరూ కొలిచి చూపలేదు.

ఇంకొకటి నువ్వు వదిలేశావు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో విటమిన్ డి తయారుచేయిస్తాయి. తిండిలోని కాల్షియం పేగుల నుంచి ఒంటికి బాగా పట్టేది దాని సాయంతోనే. రెడ్ లైట్ ఆ పని చేయదు. పాఠకులు ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు, అందుకని దీనికో పేరా కేటాయించి మళ్లీ పంపు.

మీ అన్న