చిన్న కప్పుల్లో మామిడి చీజ్‌కేక్

ప్రశ్న: మఫిన్ ట్రేలో కాల్చిన మామిడి చీజ్‌కేకులు పైన పగిలి, మధ్యలో నీరుగా మిగిలిపోతున్నాయి. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు గుజ్జును ఉడికించకుండానే కలుపుతున్నట్టున్నారు. బంగినపల్లి గుజ్జులోనూ నీరు ఎక్కువే కాబట్టి, దానిని సన్నని మంటపై సగానికి తగ్గేదాకా మరిగించి, పూర్తిగా చల్లార్చి, 250 గ్రాముల క్రీమ్ చీజ్‌కు 4 పెద్ద చెంచాలకు మించకుండా, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్‌తో పాటు కలపండి. పగుళ్లకు ముఖ్య కారణాలు అతిగా కాల్చడం, గుడ్డు వేశాక ఎక్కువగా గిలకొట్టడం. 160 డిగ్రీల సెల్సియస్ వద్ద చిన్న కప్పులకు సుమారు 18–20 నిమిషాలు చాలు. అంచులు గట్టిపడి, నడిమి భాగం గడ్డపెరుగులా కొద్దిగా కదులుతుండగానే ఓవెన్ ఆపి, తలుపు ఓరగా తెరిచి చల్లారనివ్వండి. ఆపై ఫ్రిజ్‌లో కనీసం 4 గంటలు ఉంచాలి. అంతసేపు ఇంట్లో పిల్లలు ఆగుతారా అన్నది వేరే సంగతి.