పోకర్ ఆడటానికి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. తిరుపతిలో ఉంటాం. రేణిగుంట దగ్గర ప్రైవేటు కంపెనీలో పని, చేతికి 38,000 వస్తుంది. భార్య, రెండో తరగతి చదివే పాప, అమ్మ అంతా నా జీతం మీదే. ఖర్చులు పోగా నెలకు 5,000 మిగులుతుంది. ఏడాదిగా శనివారం రాత్రుళ్లు వీలైనప్పుడల్లా ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక స్నేహితుడి ఇంట్లో పోకర్ ఆడుతున్నాం. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన పందేలు) 25-50, బై-ఇన్ (ఆటకు కూర్చునేటప్పుడు డబ్బిచ్చి కొనే చిప్స్, అంటే పందెం బిళ్లలు) 5,000. ఇప్పటిదాకా దాదాపు 70,000 పోయింది. అందులో 40,000 ఎఫ్‌డీ రద్దు చేసి పెట్టాను, 30,000 క్రెడిట్ కార్డు మీద నగదు డ్రా చేశాను. బ్యాంకులో ఇంకా 11,000 ఉంది. నా ఆట మరీ చెత్తగా ఉండదు సార్. డబ్బు తక్కువన్న భయంతో గెలిచే ముక్కలు కూడా వదిలేస్తున్నా. ఇప్పుడు వాళ్లు బ్లైండ్స్ 50-100 చేద్దామంటున్నారు, బై-ఇన్ 10,000 అవుతుంది. కనీసం 20 బై-ఇన్‌లు పక్కన ఉండాలని నెట్‌లో చదివాను. బ్యాంకువాళ్లు 16 శాతం వడ్డీకి, మూడేళ్లకు 2 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. అది తీసుకుని ఆటకే విడిగా పెట్టుకుంటే భయం లేకుండా ఆడొచ్చు కదా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: లోన్ తీసుకోకండి. బ్యాంకు నుంచి మళ్లీ ఫోన్ వస్తే అక్కర్లేదని ఒక్క మాటలో చెప్పి పెట్టేయండి.

మీకు ఇంత పొడుగు జవాబు రాస్తున్నది పోకర్ కోసం కాదు. మీరు చేసిన తప్పే వేరే రూపాల్లో నాకు తరచూ కనబడుతుంది. ఆఫీసులో అందరూ చేరారని ఐదు లక్షల చీటీలో చేరి, నాలుగో నెలకే చీటీ డబ్బు కట్టడానికి చేబదుళ్లు అడిగేవాళ్లున్నారు. తోడల్లుడు పెళ్లిలో పదివేలు చదివించాడని అప్పు తెచ్చి మరీ పదివేలు చదివించేవాళ్లున్నారు. పక్కవాళ్లకు ఆ అంకె ఎంత తేలికో చూస్తారు గానీ, తమ ఇంట్లో అది ఎన్ని నెలల మిగులో లెక్క వేసుకోరు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని పెద్దలు ఊరికే అనలేదు.

మీరు పంపిన ఖర్చుల పట్టీ నా ముందుంది. కొర్లగుంటలో ఇంటి అద్దె 9,000, బైకు వాయిదా 3,800, పాప ఫీజు నెలలకు సర్దితే 3,500, సరుకులు, పాలు, గ్యాస్ కలిపి 12,000, అమ్మ షుగర్ మందులు, టెస్టులు 2,500, కరెంటు, ఫోన్లు 2,200. మొత్తం 33,000. అంటే శనివారం సాయంత్రం మీరు చిప్స్ కొనే ఆ 5,000 మీ ఇంటి నెల మిగులు మొత్తం. మీ పక్కన కూర్చునే సాఫ్ట్‌వేర్ ఆయన ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి పనిచేస్తూ నెలకు 50,000 దాకా వెనకేస్తారని మీరే రాశారు. ఆయనకు అదే 5,000 మూడు రోజుల మిగులు. ఆయన ఓడిపోతే మంగళవారానికల్లా కోలుకుంటారు. మీరు ఓడిపోతే మళ్లీ జీతం పడి, ఖర్చులన్నీ తీరి, నెలాఖరు వచ్చేదాకా కోలుకోరు. ఒకే బల్ల, ఒకే రంగు చిప్స్, కానీ మీరు ఆయనకంటే పదింతలు పెద్ద పందెం ఆడుతున్నారు.

జీతం ఎంత అని కాకుండా మిగులు ఎంత అని అడుగుతున్నది కావాలనే. లక్షన్నర జీతంలో లక్షా నలభై వేలు వాయిదాలకే పోయేవాళ్లకు కూడా ఐదు వేలు బరువే. మీ ఆటలో దామలచెరువు మండీలో మామిడి వ్యాపారం చేసే ఒకాయన ఉన్నారన్నారు. జూన్, జూలైలో ఆయన చేతిలో డబ్బు ఆడుతుంది, సంక్రాంతి నాటికి అదే మనిషి ఆచితూచి ఖర్చు పెడతాడు. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు ఇవ్వాల్సిన 8 రూపాయలకు తోడు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. అలాంటి ఏడాది ఆయనకు కూడా ఆ బై-ఇన్ అంత తేలిగ్గా అనిపించి ఉండదు. ఒకే మొత్తం ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే విలువ చేయదని 1738లోనే డానియల్ బెర్నూలీ అనే గణిత శాస్త్రవేత్త లెక్క కట్టి చూపించాడు.

ఇక మీరు ఉత్తరంలో రాసిన ఒక ఆట సంగతి. చేతిలో కింగుల జోడీ. బల్ల మీద మొదటి మూడు ముక్కలు రాణి, ఎనిమిది, మూడు. మీతో ఆడే కాంట్రాక్టర్ ఆల్ ఇన్ అన్నారు, అంటే తన చిప్స్ మొత్తం పందెం. మీరు పాప టర్మ్ ఫీజు గడువు గుర్తొచ్చి ముక్కలు కింద పెట్టేశారు. ఆయన నవ్వుతూ తన ముక్కలు తిప్పి చూపిస్తే జాకీ, పది. ఒక్క జత కూడా లేదు. దీన్ని మీరు పిరికితనం అనుకుని, లోన్‌తో దాన్ని పోగొట్టుకోవాలని చూస్తున్నారు. అది పిరికితనం కాదు. ఆ డబ్బు స్కూలుదని మీ మనసుకు తెలుసు కాబట్టే చెయ్యి ఆగింది. ఆ భయం పోవాలంటే స్కూలు డబ్బు స్కూలు దగ్గర ఉండాలి. అప్పు తెస్తే భయం పోదు, వాయిదా తేదీ కూడా దానికి తోడవుతుంది.

కొమ్ములు తిరిగిన ఆటగాళ్లకు కూడా ఇదే కష్టం వచ్చింది. ఆండీ బీల్ అనే డల్లాస్ బ్యాంకర్ 2001 నుంచి 2006 మధ్య లాస్ వెగాస్‌కు వచ్చి పేరుమోసిన పోకర్ ఆటగాళ్లతో తలపడ్డాడు. ఆటలో వాళ్లు తనకంటే మెరుగని తెలిసి, పందెం పెంచుకుంటూ పోయాడు. ఎంత పెంచితే వాళ్లకు ఆట బదులు డబ్బు కనబడుతుందో అంతదాకా పెంచాలన్నది అతని ఎత్తు. అంతటివాళ్లు కూడా ఒక్కొక్కరుగా ఆ పందెం మోయలేక, తలా ఇంత వేసి ఉమ్మడిగా ఒక సంచీ కట్టుకుని, వంతులవారీగా అతనితో ఆడారు. చివరికి 2006లో ఫిల్ ఐవీ చేతిలో కోటిన్నర డాలర్లకు పైగా పోగొట్టుకున్నది బీలే. అతను శతకోటీశ్వరుడు, ఇంటి ఖర్చుకు లోటు రాలేదు. మీ బల్ల దగ్గర కాంట్రాక్టర్ చేస్తున్నది కూడా ఇలా పందెం పెంచడమే, ఆయనకు ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా. బ్లైండ్స్ రెట్టింపు చేస్తే నలిగిపోయేది మిగులు తక్కువున్న మనిషి. వాళ్లు మీ మేలు కోరే స్నేహితులే కావచ్చు. లెక్క మాత్రం మారదు.

ఆ లెక్క ఎంత కఠినమో చూడండి. మీ దగ్గర 20,000, ఎదుటివారి దగ్గర 1,80,000 ఉన్నాయనుకుందాం. ఇద్దరి నేర్పూ సమానం, ముక్కల్లో మోసం లేదు, ప్రతి పందెం సరిసమానం. ఎవరో ఒకరి డబ్బు పూర్తిగా అయిపోయేదాకా ఆడితే, ముందు మీ డబ్బే అయిపోయే అవకాశం పదికి తొమ్మిది. నేర్పుతో సంబంధం లేదు, సంచీల్లో తేడా చాలు.

అందుకే కదా రెండు లక్షలు తెస్తానంటున్నది అని మీరు అనొచ్చు. ఇరవై బై-ఇన్‌లు ఉండాలన్న సూత్రాన్ని మీరు సగమే చదివారు. ఆ ఇరవై పోయినా ఇంట్లో పాలప్యాకెట్ ఆగని డబ్బు అయి ఉండాలన్నది మిగతా సగం. అప్పు తెచ్చిన డబ్బు ఏ లెక్కలోనూ ఆట నిధి కాదు. 2 లక్షలకు 16 శాతం వడ్డీతో మూడేళ్ల వాయిదా నెలకు సుమారు 7,030. మీ మిగులు 5,000. ఒక్క ముక్క పంచకముందే నెలకు 2,000 లోటుతో మొదలవుతారు. మూడేళ్లలో వడ్డీ రూపంలోనే 53,000 దాటుతుంది. ఏడాదిగా ఓడుతున్న ఆటలో ప్రతి నెలా ఏడు వేలు గెలిచి బ్యాంకుకు కట్టాలన్నమాట, అది కూడా పందెం రెట్టింపు చేసిన బల్ల మీద. ఇలాంటి ఆలోచనను ప్లాన్ అని పిలవడానికి నేను ఒప్పుకోను. క్రెడిట్ కార్డు మీద నగదు తీసి చిప్స్ కొనడం అంతకంటే ఘోరం. కొన్న వస్తువులకు ఉండే గడువు నగదుకు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. మీ కార్డు నెలకు మూడున్నర శాతం, అంటే 30,000 మీద మొదటి నెలే వెయ్యికి పైగా. మన ఊళ్లో మూడున్నర రూపాయల వడ్డీకి ఎవరైనా అప్పిస్తామంటే దండం పెట్టి వచ్చేస్తాం. కార్డు మీద మాత్రం కళ్లు మూసుకుని తీసేస్తాం.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మీకు నిజంగానే రెండు లక్షలు కావాలి. ఆటకు కాదు. నెల ఖర్చు 33,000 కాబట్టి ఆరు నెలల అత్యవసర నిధి 1,98,000. షుగర్ ఉన్న అమ్మ, ఒక్క జీతం, ప్రైవేటు ఉద్యోగం. ఈ మూడూ ఉన్న ఇంట్లో 11,000 తప్ప ఇంకేమీ లేదంటే ఈ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. మీరు రద్దు చేసిన 40,000 ఎఫ్‌డీని మీరు మిగులు డబ్బు అనుకున్నారు. అది అత్యవసర నిధిలో మొదటి వాయిదా. పోకర్ బల్ల మీద పోయింది అది.

మా దగ్గరికి సలహాకు వచ్చే చిత్తూరు కుటుంబం ఒకటుంది. రాత్రి ఒంటిగంటకు తండ్రికి గుండె పట్టేసి ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళితే, కౌంటర్ దగ్గర ముందు 50,000 కట్టమన్నారు. ఆ కౌంటర్ అరుగు మీద మోచేతులు ఆన్చి కొడుకు ఒక చేత్తో బావమరిదికి ఫోన్ చేస్తూ, ఇంకో చేత్తో లోన్ యాప్‌లో ఆధార్ నంబర్ కొడుతున్నాడట. ఆ సమయంలో ఎవరూ వడ్డీ ఎంతని అడగరు, ఎంత చెబితే అంతకు ఒప్పుకుంటారు. తండ్రి బతికారు. కానీ ఆ రాత్రి చేసిన అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. బ్యాంకులో లక్ష ఉన్న ఇంట్లో అదే రాత్రి అప్పు లేకుండా గడిచిపోతుంది. మీ అమ్మగారికి ఇప్పుడు ఆరోగ్య బీమా తీసుకున్నా, ముందునుంచి ఉన్న షుగర్‌కు సంబంధించిన చికిత్సలకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సిన నిబంధన పెట్టొచ్చు. బీమా తీసుకోవాల్సిందే, కానీ ఆ మూడేళ్లూ కాపాడేది చేతిలో ఉన్న నగదే. రేషన్ కార్డులో ఆమె పేరుంటే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో వార్డు సచివాలయంలో కనుక్కోండి. మీ పేరు మీద టర్మ్ జీవిత బీమా పాలసీ లేదని రాశారు, ఈ నెలలోనే తీసుకోండి. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల గురించి కూడా అడిగారు, కార్డు బాకీ తీరేదాకా వాటి ఊసు వద్దు.

ముందు ఇంట్లో చెప్పండి. ఇది నీతిబోధ కోసం చెప్పడం లేదు. కార్డు బాకీ తీర్చడానికి చవకైన దారి మీ భార్య నగల మీద బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని, ఆ 30,000 ఒకేసారి కట్టేయడం. వడ్డీ మూడో వంతుకో, నాలుగో వంతుకో దిగుతుంది. ఆమెకు తెలియకుండా ఆ నగ బీరువా దాటకూడదు. ఆమె వద్దంటే నెలకు 5,000 చొప్పున కార్డుకే కట్టండి, ఏడెనిమిది నెలల్లో తీరుతుంది. దసరాకు బోనస్ వస్తే అది కూడా అక్కడికే. బ్యాంకులో ఉన్న 11,000 మాత్రం ముట్టుకోవద్దు. వడ్డీ లెక్క ప్రకారం అది కూడా కార్డుకే కట్టమనేవాళ్లు ఉంటారు. నేను ఒప్పుకోను, ఆ పదకొండు వేలు కూడా లేకపోతే అమ్మకు జ్వరం వచ్చిన రోజున మళ్లీ ఆ కార్డే బయటికొస్తుంది. బైకు వాయిదా ఇంకో ఎనిమిది నెలల్లో అయిపోతుందన్నారు. అప్పటినుంచి నెలకు 8,800 నిధికి వేస్తే రెండేళ్లలోపే 1,98,000 చేరుతుంది.

గెలిస్తే తీర్చేస్తానన్న ఆశ ఇంకా ఉంటే ఒక మాట: పేకాటలో గెలిచిన డబ్బు మీద ఆదాయపు పన్ను 30 శాతం, పోయిన డబ్బును అందులోంచి తీసేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇంటి బల్ల బదులు ఫోన్లో ఆడుకుంటానని కూడా అనుకోకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్, రమ్మీలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఇంట్లో ఆడే ఆట మీద పోలీసు కేసు పడితే ఉద్యోగానికే ముప్పు, దానికి ఏ నిధీ చాలదు.

స్నేహితులతో ఏం చెప్పాలని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పండి: "నా నెల మిగులు ఐదు వేలు, నేను ఈ పందెం ఆడలేను. డబ్బు లేకుండా చిప్స్‌తోనే ఆడదామంటే వస్తా." ఒప్పుకుంటే శనివారాలు మీవే. ఒప్పుకోకపోతే టీ తాగి తొమ్మిదింటికి ఇంటికి వచ్చేయండి. క్రెడిట్ కార్డులో నగదు డ్రా చేసే సదుపాయాన్ని బ్యాంకు యాప్‌లో ఆపేసుకోవచ్చు. ఆ పని శనివారం దాకా వాయిదా వేయకుండా ఈరోజే చేయండి.