రెడ్ ఆక్సైడ్ కొడితే జంగు ఆగదు: మా పది టైర్ల లారీ చెప్పిన పాఠం

పదేళ్ల పాత లారీ కొన్నాను, చాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం) మీద పైపైన జంగు ఉంది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ (ఎర్రటి అడుగు రంగు) కొట్టించి మీద నల్ల రంగు వేయిస్తే సరిపోతుందా, లేక శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి జంగు తీయడం) చేయించాలా అని మీరు అడిగారు. మొదటిది చాలదు. రెండోది మనలో చాలామందికి అక్కర్లేదు. ఈ రెండింటి మధ్య ఒక పని ఉంది, అదే అసలైనది. దాన్ని ఏ షెడ్డులోనూ సరిగ్గా చేయరు. ఆ పని కడగడం.

మాది మిర్యాలగూడ దగ్గర. నాన్న నడిపించిన పది టైర్ల లారీని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని, వాడపల్లి వంతెన దాటి, అద్దంకి రోడ్డు మీదుగా ఒంగోలు వైపు పోయేది మా బండి. తిరుగు కిరాయి దొరకనప్పుడు చినగంజాం నుంచి దొడ్డుప్పు వేసుకొచ్చేవాళ్లం. ఆ ఉప్పే మా చాసిస్‌ను తిన్నది. ఎక్కించేటప్పుడు బస్తాలు పొడిగానే ఉంటాయి. రాత్రి మంచుకు చెమ్మగిల్లి, తొట్టి చెక్కల సందుల్లోంచి చుక్కచుక్కగా కింద చాసిస్‌కు అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ల మీద పడుతుంది. తడి ఆరిపోయినా ఉప్పు అక్కడే ఉంటుంది, మళ్లీ వాన తగలగానే మళ్లీ తినడం మొదలుపెడుతుంది. అందుకే పాత లారీ చూడటానికి పోతే ఇంజన్ కంటే ముందు నేను అడిగేది ఇది ఏ లోడు మోసింది అని. ధాన్యం, సిమెంటు మోసిన బండి ఒక లెక్క. ఉప్పు, పొటాష్ ఎరువు మోసిన బండి ఇంకో లెక్క. పొటాష్ కూడా క్లోరైడే, ఇనుముకు అది ఉప్పుతో సమానం. మీరు లారీ అమ్మిన మనిషికి ఈరోజే ఫోన్ చేసి ఈ ఒక్క మాట అడగండి.

ఎనిమిదేళ్లు దాటిన బండికి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేయించాలి కదా. మా లారీకి ఆ సంవత్సరం గడువు నాలుగు రోజులే ఉంది. ఒక షెడ్డులో గుత్తకు మాట్లాడి అప్పగించాం. పొద్దున నీళ్లు కొట్టారు, మధ్యాహ్నానికి రెడ్ ఆక్సైడ్ స్ప్రే చేశారు, మర్నాడు నలుపు. బండి కొత్తదానిలా మెరిసింది. నాన్న బండి ముందు నిలబడి ఫొటో కూడా దిగాడు. ఫిట్‌నెస్ అయిపోయింది. ఒక వానాకాలం గడిచి దసరా వచ్చేసరికి వెనక హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు పెట్టె) పైభాగాన చాసిస్ మీద పొక్కులు లేచాయి. ఆయుధపూజకు బండి కడుగుతూ ఒక పొక్కు కింద గోరు పెట్టి లాగాను. వాల్ పోస్టర్ ఊడినట్టు జానెడు రంగు ఊడి చేతికి వచ్చింది. తిప్పి చూస్తే రెడ్ ఆక్సైడ్ వెనక గ్రీజు, ఆ గ్రీజు మీద దుమ్ము, ఆ దుమ్ములో ఎవరో పాత గుడ్డతో ఒకసారి తుడిచిన గీతలు. కింద ఇనుము మీద తడి జంగు. అంటే ఆ రంగు ఒక్కరోజు కూడా ఇనుమును తాకలేదు. ఆ ముక్కను నాన్నకు చూపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నల్లగొండలో లారీలకు రంగులు వేసే ఒక పెద్దాయనను తీసుకొచ్చాం. అందరం చాచా అనే పిలిచేవాళ్లం. రంగు సంగతి ఎత్తకుండా చిన్న సుత్తి అడిగాడు. కింద పడుకుని చాసిస్ పొడుగునా కొట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఖంగుమంది. ఇంకోచోట చప్పుడు లోపలికి పోయింది. "విను బేటా. ఇది గంట. ఇది పలిగిన కుండ. గంట ఉన్నకాడ రంగు ఎయ్యి, కుండ ఉన్నకాడ ముందుగాల ఉలి పెట్టు" అన్నాడు. ఉలి పెడితే పొరలు పొరలుగా రాలింది. మీరు పైపైన జంగు అంటున్నారు కాబట్టి ముందు ఈ పరీక్ష చేయండి. గీకితే ఎర్ర పొడి రాలి కింద గట్టి ఇనుము కనిపిస్తే పైజంగే. పొరలుగా ఊడితే అది రంగుతో అయ్యే పని కాదు, చాసిస్ పని తెలిసిన మేస్త్రికి చూపించాలి. రెండు ప్లేట్లు కలిసే చోట మరీ జాగ్రత్త. జంగు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు ప్లేట్లు ఎడం అవుతాయి, రివెట్లు లాగుతాయి. ఎక్కడ పడితే అక్కడ వెల్డింగు పెట్టించకండి. చాసిస్ గట్టి రకం ఉక్కు, తప్పుచోట వేడి తగిలితే అక్కడే పగులు పుడుతుంది.

ఇక కడగడం. చాచా మాతో ఒక పూర్తి రోజు అదే చేయించాడు. చాసిస్ లోపలి వైపు కింది అంచు మీద ఏళ్ల నాటి మట్టి గట్టుకట్టి ఉంటుంది, అందులో చెమ్మ ఎండాకాలంలో కూడా ఆరదు. స్క్రూడ్రైవర్‌తో ఆ మట్టి మొత్తం తవ్వి తీశాం, పూడిపోయిన రంధ్రాలు తెరిచాం. గ్రీజు ఉన్నచోట కిరోసిన్. కానీ కిరోసిన్‌తో ఆపితే దాని జిడ్డు మిగులుతుంది, దాని మీద సబ్బు పొడి నీళ్లతో బ్రష్ వేసి రుద్దాలి. బ్యాటరీ పెట్టె చుట్టూ యాసిడ్ కారి ఉంటుంది, అక్కడ తినే సోడా కలిపిన నీళ్లు పోయాలి. ఆ తర్వాత ప్రెషర్ నీళ్లు, రెండుసార్లు. ఆరాక చాచా వేలు తడిచేసి క్రాస్ మెంబర్‌కు రాసి నాలుకకు తాకించుకున్నాడు. "ఇంక ఉప్పుంది, మళ్ల కడుగు" అన్నాడు. నేనూ నాకి చూశాను, నిజంగానే ఉంది. రెండుసార్లు ప్రెషర్ కొట్టాక కూడా! బ్యాటరీ వైపు మాత్రం ఈ పరీక్ష చేయకండి.

చివరి నీళ్లు ఏవన్నది కూడా ముఖ్యమే. మా నల్లగొండ బోరు నీళ్ల సంగతి దేశమంతటికీ తెలుసు. చాలా ఊళ్లలో బకెట్టు ఆరితే అడుగున తెల్లగా పేరుకుంటుంది. అదే తెలుపు చాసిస్ మీదా మిగులుతుంది. రంగు కింద ఉప్పు చిక్కితే అది బయటి చెమ్మను రంగు గుండానే లోపలికి లాక్కుంటుంది, పొక్కు లేచేది అందుకే. మేం చివరిసారి కృష్ణా నల్లా నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుని కడిగాం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వాటర్ సర్వీసింగ్ అయ్యాక చాసిస్ మీద డీజిల్ కొట్టించుకునే అలవాటు, పాత ఇంజనాయిల్ పూయించుకునే అలవాటు మనవాళ్లు వదలడం లేదు. ఆ రోజుకు నల్లగా నిగనిగలాడుతుంది. వారం తిరిగేలోగా దుమ్మంతా దానికే అంటుకుంటుంది, రబ్బరు బుష్‌లు మెత్తబడి ఉబ్బుతాయి, ఆ తర్వాత ఏ రంగూ పట్టదు. ముందు అద్దం మీద బొమ్మలకు, వెనక రాతలకు, వేలాడే కుచ్చుల జూలాలకు వేల రూపాయలు పోస్తాం. బండిని మోసేదానికి మాత్రం పారబోసే నూనె పూస్తాం.

జంగు తీయడానికి గ్రైండర్‌కు వైర్ కప్పు (గుండ్రటి తీగల బ్రష్) బిగిస్తారు. వైర్ కప్పు జంగును తీసినట్టే తీసి, మిగిలినదాన్ని నున్నగా పాలిష్ చేస్తుంది. అద్దంలా మెరుస్తుంటే అయిపోయిందనుకుంటాం. ఆ నునుపు మీద రంగు నిలవదు. దాని తర్వాత 80 నంబరు ఎమరీ కాగితంతో గరుకు తేవాలి, రివెట్ తలల చుట్టూ, మూలల్లో చేత్తోనే. గ్రైండింగ్ రాయి పెట్టి లోతుగా అరగదీయకండి, జంగుతో పాటు చాసిస్ మందం పోతుంది. కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి, తీగ ముక్కలు సూదుల్లా ఎగురుతాయి, నా మోచేతిలోంచి రెండు తీయించుకున్నాను.

అన్నిటికంటే ముఖ్యం, చాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ ఆనించవద్దు. అక్కడ మెత్తటి బ్రష్, పల్చటి రంగు, అంతే. ఫిట్‌నెస్‌లో నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీస్తారు. అంకె అరిగిపోయినా, రంగుతో పూడిపోయినా మీ బండి మీదే అని నిరూపించుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

గుంటల్లో మిగిలే నల్లటి మరకలకు రస్ట్ కన్వర్టర్ వాడొచ్చు. వాటిలో చాలావాటిలో ఉండేది ఫాస్ఫారిక్ యాసిడ్, అది పల్చటి జంగును ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. మందంగా ఉన్న జంగు మీద పోస్తే పైపొర మారుతుంది, కింద తినడం సాగుతూనే ఉంటుంది. శుభ్రమైన ఇనుము మీద పోస్తే జిగటగా మిగిలి ప్రైమర్‌ను పాడుచేస్తుంది. డబ్బా మీద కడగమని రాసి ఉంటే కడగాలి, ఆరబెట్టాలి.

రెడ్ ఆక్సైడ్ విషయానికి వస్తే, అందులోని ఎర్ర పొడి కూడా ఐరన్ ఆక్సైడే, అంటే జంగుకు తోబుట్టువు లాంటిది. పేరు చూసి అది జంగును చంపే మందు అనుకుంటాం. మామూలు రకం చెమ్మను పీలుస్తుంది కూడా, మీద నలుపు వేయకుండా నెల రోజులు తిప్పితే వేసినా వేయనట్టే. నేను వేయించింది జింక్ ఫాస్ఫేట్ ఉన్న రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్. కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి, మిగిలితే గట్టిపడుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా కలపండి. అంచుల మీద, రివెట్ల మీద రంగు పల్చగా జారిపోతుంది, స్ప్రేకు ముందే అక్కడ బ్రష్‌తో ఒక చేయి వేయించండి. ఎపాక్సీ ఎండకు సుద్దలా పొడి రాలుతుంది, కాబట్టి మీద నలుపు తప్పనిసరి. థిన్నర్ ఆ రంగుకు చెప్పినదే కలపాలి. చవకగా దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగులకు వాడే) థిన్నర్ కలిపితే కింది పొర ముడతలు పడి లేస్తుంది. గాలి పైపులు, రబ్బర్లు, బ్రేక్ డ్రమ్ములు ముందే కాగితంతో కప్పేయండి.

మన వైపు మే నెలలో ఈ పని పెట్టుకోవద్దు. ఇనుము మీద చేయి పెట్టలేం, రంగు పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది. డిసెంబరు పొద్దున చేస్తే మంచు తడి. సంక్రాంతి దాటాక, పొద్దు ఎక్కి ఇనుము ఆరాక, నీడలో చేయండి. కడిగి, ఎమరీ కొట్టిన చోట ఆ రోజే ప్రైమర్ పడాలి. రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి సన్నగా ఎరుపు తిరుగుతుంది. మేం సగం సగం చేసి మూడు రోజుల్లో ముగించాం.

శాండ్ బ్లాస్టింగ్ అడిగారు కదా. తొట్టి, క్యాబిన్ రెండూ దింపి, చాసిస్ ఒట్టిగా నిలబడితేనే దానికి అర్థం ఉంది. బండి విప్పకుండా అలాగే ఉండగా కొట్టిస్తే ఇసుక బేరింగుల్లోకి, బ్రేకుల్లోకి పోతుంది. కొట్టే మనిషికి ఆ ఇసుక దుమ్ముతో ఊపిరితిత్తులు పాడవుతాయి, ముసుగు లేకుండా చేసే షెడ్డుకు ఇవ్వకండి. తొట్టి చెక్కలు ఎలాగూ మార్చే ఆలోచన ఉంటే, రంగు పని అప్పటిదాకా ఆపి రెండూ కలిపి చేయించండి. చాసిస్ పైఅంచుకు రంగు అందేది అప్పుడే.

మా బండికి మళ్లీ పెద్ద పని రాలేదు. ఉప్పు కిరాయి మానేశాం. ఏటా సంక్రాంతి తర్వాత నేను సుత్తి పట్టుకుని కిందికి దూరతాను. ఈసారి స్టెప్నీ గొలుసు రాసుకునే చోట, జాకీ పెట్టే చోట రంగు లేచింది. రెండు అరచేతులంత జాగా. కడిగి, ఎమరీ వేసి, ప్రైమర్ కొట్టి, దాచిన నలుపు పూశాను, ఒక పూటలో అయిపోయింది. మీరూ నలుపు ఒక లీటరు ఎక్కువ కొని మూత గట్టిగా బిగించి పెట్టుకోండి.