మేజర్ పక్కన లీడర్‌షిప్ మైనర్: తీసుకోవాలా, వద్దా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హనుమకొండ. ఈ ఆగస్టులో అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్‌లో చేరుతున్నాను. అక్కడ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పక్కన చిన్న రెండో సబ్జెక్టుగా చదివే లీడర్‌షిప్ మైనర్ ఉందని చూశాను, చేయాలని ఉంది. బాపు మాత్రం "లోన్ తీసి పంపేది కంప్యూటర్ చదువుకు, గిసొంటివి ఎందుకు బిడ్డా" అంటున్నాడు. వరంగల్‌లోనే బీటెక్ చదివే మా పెద్దమ్మ కొడుకు మైనర్ అంటే ఎక్స్‌ట్రా బరువు, ఎక్స్‌ట్రా ఫీజు అని భయపెట్టాడు. వీసాకు ఏమైనా ఇబ్బంది అవుతుందా? జాబ్‌కు పనికొస్తుందా? పైగా నేను క్లాసులో లేచి మాట్లాడే పిల్లను కాదు. నాలాంటిదానికి అది నప్పుతుందా?

జవాబు: చెల్లె, నా అభిప్రాయం ముందే చెప్తాను. తీసుకో. కానీ రెండు షరతులు. అది నీ నాలుగేళ్లలోనే ఇమడాలి, దాని కోసం ఒక్క సెమిస్టర్ కూడా పెరగొద్దు. రెండోది, నలుగురిని కూడగట్టి ఒక పని నడిపించే కోర్సు అందులో ఒకటైనా ఉండాలి. అది లేకపోతే ఆ మైనర్ నీకు అక్కర్లేదు, ఆ టైమ్‌లో ఇంకో ప్రోగ్రామింగ్ కోర్సు చదువుకో.

మీ పెద్దమ్మ కొడుకు అబద్ధం చెప్పలేదు. తన కాలేజీ లెక్క తను చెప్పాడు. మన దగ్గర సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నమూనా సిలబస్‌లో బీటెక్‌కు 160 క్రెడిట్లు (చదువు భారాన్ని కొలిచే లెక్క). మైనర్ కావాలంటే వాటి మీద ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు చదవాలి. అందుకే అతనికి అది బరువుగా కనిపిస్తుంది. అమెరికాలో బ్యాచిలర్స్‌కు మామూలుగా 120 క్రెడిట్లు. అందులో మేజర్ సబ్జెక్టులు ఒక భాగమే. హిస్టరీ, సైకాలజీ, రైటింగ్ లాంటి జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు కొన్ని తప్పనిసరి. ఇవి పోను నీ ఇష్టానికి వదిలేసే ఫ్రీ ఎలెక్టివ్‌లు కొన్ని ఉంటాయి. మైనర్‌కు కావాల్సినవి చాలా చోట్ల 15 నుంచి 18 క్రెడిట్లు, అంటే ఐదారు కోర్సులు. వాటిలో ఒకటో రెండో జనరల్ ఎడ్యుకేషన్ కింద కూడా లెక్కకు వస్తే, మిగతావి ఫ్రీ ఎలెక్టివ్‌ల జాగాలో కూర్చుంటాయి. ఎట్లాగూ ఫీజు కట్టి చదవాల్సిన క్రెడిట్లనే ఒక దారిన పెట్టుకోవడం ఇది. బాపుకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించు. కొత్తగా ఖర్చేమీ పెరగడం లేదని తెలిస్తే ఆయన టెన్షన్ సగం తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. కంప్యూటర్ సైన్స్ కొన్ని యూనివర్సిటీల్లో ఇంజనీరింగ్ కాలేజీ కింద ఉంటుంది, కొన్నింటిలో ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కింద. ఇంజనీరింగ్ కింద ఉంటే ఫ్రీ ఎలెక్టివ్‌లు బాగా తక్కువ, మైనర్ ఇరికించడం కష్టం. నీది ఏ కాలేజీ కిందికి వస్తుందో ఇప్పుడే చూసుకో. ఫీజు సంగతి కూడా అడుగు. చాలా యూనివర్సిటీలు 12 క్రెడిట్ల నుంచి ఒక హద్దు దాకా ఒకే ఫీజు తీసుకుంటాయి. ఆ పద్ధతి ఉంటే సెమిస్టర్‌కు 15 క్రెడిట్లు చదివినా అదే డబ్బు. క్రెడిట్‌కు ఇంత అని వసూలు చేసే చోట లెక్క మారుతుంది.

ఇక వీసా. మైనర్ చేసినంత మాత్రాన నీ స్టూడెంట్ వీసా ఎఫ్-1కు ఏ ఇబ్బందీ లేదు. సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉంటే ఫుల్‌టైమ్ లెక్క సరిపోతుంది, అవి మేజర్‌వా మైనర్‌వా అని ఎవరూ విడదీయరు. చిక్కు వేరే చోట ఉంది. యూనివర్సిటీ నీకిచ్చే ఐ-20 పత్రం మీద చదువు ముగిసే తేదీ ఉంటుంది. దాన్ని పొడిగించాలంటే చదువుకు సంబంధించిన గట్టి కారణమో, అనారోగ్యమో చూపించాలి. "మైనర్‌లో ఇంకా రెండు కోర్సులు మిగిలాయి" అనే కారణాన్ని చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి మైనర్ పూర్తి కాకపోతే, నిర్మొహమాటంగా వదిలేసి డిగ్రీ పట్టుకొని బయటపడు. చదివిన కోర్సులు ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల జాబితా) మీద ఎట్లాగూ ఉంటాయి.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. చదువు అయ్యాక ఓపీటీ (ఎఫ్-1 వాళ్లకు కొంతకాలం పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) మీద చేసే ఉద్యోగం మేజర్‌కు సంబంధించినదై ఉండాలి. మైనర్‌ను చూపించి ఓపీటీ తీసుకోలేవు. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం మొదటి 12 నెలల మీద దొరికే 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) పొడిగింపు కూడా మేజర్ డిగ్రీ మీదే ఆధారపడుతుంది, కంప్యూటర్ సైన్స్‌కు అది ఉంది. అందుకే ఎవరైనా "లీడర్‌షిప్‌నే మేజర్ చేసుకుంటా" అని అడిగితే నేను ఆపుతాను. ఆర్గనైజేషనల్ లీడర్‌షిప్ డిగ్రీ స్టెమ్ జాబితాలో లేదు. లోన్ మీద వచ్చిన పిల్లలకు ఆ రెండేళ్ల తేడా చాలా పెద్దది. నీ చేతిలో కంప్యూటర్ సైన్స్ ఉండనీ, లీడర్‌షిప్ దాని పక్కన నడవనీ.

మైనర్‌లో భాగంగా క్యాంపస్ బయట ఏదైనా సంస్థలో పని చేయమంటే, జీతం ఉన్నా లేకపోయినా, ఒప్పుకునే ముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడుగు. సీపీటీ (చదువులో భాగంగా క్యాంపస్ బయట పనిచేసే అనుమతి) కావాల్సి రావచ్చు, మామూలుగా అది ఒక అకడమిక్ ఇయర్ పూర్తయ్యాకే ఇస్తారు, అది కూడా మేజర్‌కు సంబంధం ఉన్న పనికే. క్యాంపస్ లోపల స్టూడెంట్ క్లబ్ నడిపి ఆ క్రెడిట్ తెచ్చుకునే వీలుంటే ఈ బాధ ఉండదు. వీలైతే ఆ దారే పట్టు.

అసలు అందులో ఏం చెప్తారో నీకు తెలియాలి. ఒక ముచ్చట చెప్తాను. 1939లో కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు, లిపిట్, వైట్ అనే మరో ఇద్దరితో కలిసి పదేళ్ల మగపిల్లల క్లబ్బుల మీద చేసిన పరిశోధన ఒకటి అచ్చయింది. ఒక రకం లీడర్ అన్నీ తనే ఆజ్ఞాపిస్తాడు. ఇంకో రకం పిల్లలతో మాట్లాడి కలిసి నిర్ణయిస్తాడు. మూడో రకం ఏమీ పట్టించుకోడు. లీడర్ గదిలోంచి బయటికి వెళ్తే ఏం జరుగుతుందో గమనించారు. ఆజ్ఞల కింద ఉన్న పిల్లల్లో పని పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న పిల్లలు మాత్రం పని సాగించారు. హనుమకొండలో ఇంటర్ చదివినదానివి, స్టడీ అవర్‌లో సార్ బయటికి పోతే హాల్ ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకో. ఆ పరిశోధన చదువుతుంటే మన కాలేజీ హాస్టళ్లే కళ్ల ముందు కనిపిస్తాయి.

తర్వాత జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ అనే చరిత్రకారుడు వస్తాడు. "నువ్వు ఇది చెయ్, నేను అది ఇస్తా" అనే ఇచ్చిపుచ్చుకునే నాయకత్వానికీ, మనుషుల లక్ష్యాలనే పైకి లేపే నాయకత్వానికీ తేడాను ఆయన 1978లో విడమరిచి చెప్పాడు. అంతకు ముందే 1970లో మేనేజ్‌మెంట్ రచయిత రాబర్ట్ గ్రీన్‌లీఫ్, నాయకుడంటే ముందు సేవకుడని వాదించాడు. 1996లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన సోషల్ చేంజ్ మోడల్ అనే నాయకత్వ పద్ధతి కాలేజీ పిల్లల కోసమే తయారైంది. పదవి ఉంటేనే నాయకత్వం అనే ఆలోచనను అది పక్కన పెడుతుంది. లేచి మాట్లాడే పిల్లను కాదని దిగులు పడుతున్నావు కదా, నీకు బాగా దగ్గరయ్యేది అదే. నోరున్నవాళ్ల కోసం పెట్టిన చదువు కాదిది. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినడం, గొడవ పడుతున్న ఇద్దరిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం, పని పంచడం, చేస్తానన్నవాడు చేయనప్పుడు వాడితో ఎట్లా మాట్లాడాలో తెలుసుకోవడం, ఇవన్నీ ఇందులో నేర్పుతారు.

అయితే క్లాసులో నోరు తెరవక తప్పదు. ఇలాంటి కోర్సుల్లో మార్కుల్లో కొంత భాగం చర్చలో పాల్గొన్నందుకే ఇస్తారు. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పిల్లల్ని ఏటా చూస్తుంటాను. తెలివి తక్కువై కాదు, రెండేళ్లు ఎప్‌సెట్, జేఈఈ అంటూ తల వంచుకొని చదవడమే అలవాటై మాట రాదు. ప్రొఫెసర్ "నువ్వేమనుకుంటున్నావు" అంటే, సరైన జవాబు ఏదా అని వెతుకుతారు. అక్కడ సరైన జవాబు ఒకటే ఉండదు. చేయాల్సింది ఏమిటంటే, ముందు రోజు రాత్రి ఆ పాఠం మీద రెండు వాక్యాలు రాసుకొని పో. క్లాసు మొదటి పావుగంటలోనే ఆ రెండూ చెప్పేయ్. ఆలస్యం చేసేకొద్దీ భయం పెరుగుతుంది, ఎవరో ఒకరు నీ మాటే చెప్పేస్తారు కూడా. మొదటి రెండు వారాల్లో ప్రొఫెసర్ విద్యార్థులను కలిసే ఆఫీస్ అవర్స్‌కు పోయి "మాట్లాడటం అలవాటు చేసుకుంటున్నాను" అని చెప్పు. ఆ మాట విని చిన్నచూపు చూసే ప్రొఫెసర్లు అరుదు.

రాయాల్సిన వ్యాసాలు వచ్చినప్పుడు అందరూ రాసే కంపెనీ అధిపతుల గురించే రాయకు. మన దగ్గర ఉన్నది రాయి. భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూర్ సహకార సంఘాన్ని అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టారు. రైతులకు అప్పు ఇవ్వడం దగ్గర నుంచి వడ్లు కొనడం, విత్తనాలు తయారుచేయడం దాకా ఆ సంఘం చేస్తుంది. దేశంలో ఎన్నో సహకార సంఘాలు మూలనపడ్డా ఇది నిలబడింది. స్థాపించిన మనిషి తర్వాత కూడా సంస్థ ఎట్లా నిలబడిందన్నది లీడర్‌షిప్ చదువులో చాలా పెద్ద ప్రశ్న. అదే ముల్కనూర్‌లో మహిళలే సభ్యులై, మహిళలే పాలకవర్గమై నడిపే డెయిరీ ఉంది. గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో ఊరి పనులకు వేర్వేరు కమిటీలు వేసుకొని జనమే నడుపుకుంటారు. మొత్తం బరువు ఒక్క సర్పంచ్ మీద పెట్టకుండా పని పంచుకునే ఆ పద్ధతి మీద ఇరవై పేజీల పేపర్ రాయొచ్చు. విమానం ఎక్కేలోపు ఒక ఆదివారం ముల్కనూర్ పోయి రా. సంఘం పెద్దలతో మాట్లాడి నోట్స్ రాసుకో, వాళ్లు ఒప్పుకుంటే ఫోటోలు తీసుకో. మీ క్లాసులో ఆ సరుకు ఇంకెవరి దగ్గరా ఉండదు.

ఏ యూనివర్సిటీలో ఎట్లా ఉందో చూస్తే ఒక అంచనా వస్తుంది. రిచ్‌మండ్ యూనివర్సిటీలోని జెప్సన్ స్కూల్ 1992లో మొదలైంది, పూర్తిగా లీడర్‌షిప్ స్టడీస్ కోసమే పెట్టిన మొదటి స్కూల్ అది. మిన్నెసోటా, కాన్సస్ స్టేట్ యూనివర్సిటీల్లో ఏ మేజర్ వాళ్లయినా చేయగలిగే లీడర్‌షిప్ మైనర్లు ఉన్నాయి. పెన్ స్టేట్‌లో ఇంజనీరింగ్ పిల్లల కోసం ప్రత్యేకంగా ఇంజనీరింగ్ లీడర్‌షిప్ మైనర్ ఉంది. నీ యూనివర్సిటీలో రెండు రకాలూ ఉంటే ఇంజనీరింగ్ వైపుదే చూడు, టీమ్ ప్రాజెక్టులు నీ మేజర్‌కు దగ్గరగా ఉంటాయి.

చేరిన కొన్ని నెలలకు నీకు ఒక ఈమెయిల్ రావచ్చు: "మీ మార్కులు చూసి మా లీడర్‌షిప్ సొసైటీకి ఎంపిక చేశాం, సభ్యత్వ ఫీజు కట్టండి" అని. దానికీ మైనర్‌కూ సంబంధం లేదు. డబ్బు కట్టి రెజ్యూమెలో ఒక లైను కొనుక్కోవద్దు. కోర్సుల ఎంపికలో సాయపడే యూనివర్సిటీ అడ్వైజర్‌కు చూపించకుండా ఒక్క డాలర్ కూడా కట్టకు.

ఉద్యోగం గురించి బాపుకు నిజం చెప్పు. లీడర్‌షిప్ మైనర్ ఉందని ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కోడింగ్ రౌండ్ దాటాల్సింది కోడింగ్‌తోనే. కానీ దాని తర్వాత "టీమ్‌లో ఒకరితో మాట పడనప్పుడు ఏం చేశావు", "గడువు దాటిపోతుంటే ఎట్లా సర్దుకున్నావు" అనే ప్రశ్నల రౌండ్ ఉంటుంది. నేను ఇంటర్వ్యూలు చేసే చోట మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. ప్రాజెక్టు ఏమిటో గంట చెప్పగలరు, అందులో తను ఏం చేశానన్నది రెండు మాటల్లో చెప్పలేరు. మైనర్‌లో వారం వారం రాయించే డైరీలు అప్పుడు అక్కరకొస్తాయి. వాటిని ఏదో తోచింది నింపి పారేయకు. ఏం జరిగింది, నువ్వేం అన్నావు, అవతలివాళ్లు ఏం చేశారు, చివరికి ఏమైంది, అంతా నిజంగా రాసి పెట్టుకో.

డబ్బు పరంగా బాపుకు సంతోషం కలిగించే దారి ఒకటి ఉంది. రెండో ఏడాది నుంచి హాస్టల్‌లో రెసిడెంట్ అసిస్టెంట్ పనికి అప్లై చేయి. చాలా యూనివర్సిటీల్లో గది ఉచితం, కొన్నింటిలో తిండి కూడా. ఎఫ్-1 వాళ్లు చేయొచ్చు, క్యాంపస్ ఉద్యోగానికి ఉన్న వారానికి 20 గంటల హద్దులోకి వస్తుంది. ఒక అంతస్తు పిల్లల గొడవలు, జ్వరాలు, అర్ధరాత్రి ఏడుపులు నువ్వే చూసుకోవాలి. మైనర్‌లో చదివిందంతా అక్కడ పనికొస్తుంది.

మన తెలుగు పిల్లలతో బతుకమ్మ, దసరా చేసుకో, తప్పక చేసుకో. కానీ మైనర్ కోసం నడిపే పని మాత్రం అన్ని దేశాల పిల్లలున్న క్లబ్‌లో చేయి. మనవాళ్ల మధ్య సైగతో అయిపోయే పని, అక్కడ విడమరిచి చెప్పి ఒప్పించాల్సి వస్తుంది. నీకు కావాల్సిన అలవాటు అదే.

ఆగస్టులో ఓరియెంటేషన్‌లో అడ్వైజర్ ఇచ్చే అరగంటకు ఈ నాలుగు ప్రశ్నలు రాసుకొని పో: నా డిగ్రీలో ఫ్రీ ఎలెక్టివ్ క్రెడిట్లు ఎన్ని? మైనర్ కోర్సుల్లో జనరల్ ఎడ్యుకేషన్ కింద చెల్లేవి ఏవి? మైనర్‌కు విడిగా అప్లై చేయాలా, ఎప్పటిలోపు? ప్రాక్టికల్ కోర్సును క్యాంపస్ లోపలే పూర్తి చేయొచ్చా? మొదటి సెమిస్టర్‌లో మైనర్ కోర్సు ఏదీ పెట్టుకోకు, మ్యాథ్స్, ప్రోగ్రామింగ్ మీద నిలదొక్కుకో. జనవరిలో మొదలయ్యే సెమిస్టర్‌లో లీడర్‌షిప్ పరిచయ కోర్సు ఒక్కటి తీసుకొని చూడు. నచ్చకపోతే అది ఎలెక్టివ్‌గా మిగులుతుంది. నచ్చితే అప్పుడు మైనర్ ఫారం నింపు.