కార్డు లిమిట్‌నే ఎమర్జెన్సీ ఫండ్ అనుకుని గోల్ఫ్ ట్రిప్‌కి బయల్దేరుతున్నారా

ప్రశ్న: మేమిద్దరం ఒకే కంపెనీలో పనిచేస్తున్నాం. జనవరిలో పోర్చుగల్‌లోని అల్గార్వ్‌కి ఐదు రాత్రుల ట్రిప్ అనుకుంటున్నాం. నాకు గోల్ఫ్ పిచ్చి, మా ఆవిడకి ఊళ్లు తిరగడం ఇష్టం. విలమోరా, లాగోస్, తవీరా, ఈ మూడింట్లో ఎక్కడ దిగితే డబ్బుపరంగా మంచిది? స్పెయిన్‌లోని సెవిల్‌కి ఒక్క రోజులో వెళ్లొద్దామా అని కూడా ఉంది. నేను విలమోరాలో నాలుగు రౌండ్ల ప్యాకేజీ, ఐదు రోజులకీ కారు అనుకుంటున్నాను. మొత్తం ఖర్చు మా ఇద్దరి జీతాలు కలిపి నెలన్నర జీతం దాకా అవుతుంది. సగం 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో, మిగతాది క్రెడిట్ కార్డు మీద. కార్డు వడ్డీ నెలకి 3 శాతం కానీ బోనస్ రాగానే తీర్చేస్తాం. సేవింగ్స్‌లో 20 రోజుల ఖర్చులకి ఉంటుంది, ఎమర్జెన్సీ వస్తే కార్డు లిమిట్ చాలా ఉంది కాబట్టి భయం లేదు.

జవాబు: ట్రిప్పుల ప్రశ్నలకి నేను మామూలుగా జవాబు రాయను, రాస్తున్నది మీ ఆఖరి వాక్యం చూసి. "కార్డు లిమిట్ ఉంది కాబట్టి భయం లేదు". ఈ మాట నాకు నెలలో ఎన్నిసార్లు వినిపిస్తుందో చెప్పలేను, బాగా చదువుకుని మంచి జీతాలు తెచ్చుకునేవాళ్లే ఎక్కువగా అంటారు, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నా ఏమీ అనుకోకండి. లిమిట్ అనేది మీ డబ్బు కాదండీ. బ్యాంకు ఇవాళ ఇస్తానంది, రేపు తగ్గించుకోవచ్చు, అదీ మీకు ఉద్యోగం పోయి సరిగ్గా అవసరం పడ్డ రోజుల్లోనే తగ్గించొచ్చు.

అది అలా ఉంచండి, ముందు మీ ట్రిప్ లోపలే ఆ లిమిట్ ఏమవుతుందో చూడండి. అద్దె కారు తీసుకుంటే కౌంటర్లో డిపాజిట్ కింద కార్డు మీద ఒక మొత్తాన్ని బ్లాక్ చేస్తారు, వాళ్ల దగ్గర ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకోకపోతే అది బాగా పెద్ద మొత్తమే ఉంటుంది, చాలా చోట్ల డెబిట్ కార్డు ఇస్తే ఒప్పుకోరు కూడా. హోటల్ వాళ్లూ చెకిన్ అప్పుడు కొంత బ్లాక్ చేస్తారు. ఇవి ఖర్చులు కావు, తర్వాత వదిలేస్తారు, కానీ వదిలాక కూడా లిమిట్‌లోకి తిరిగి రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. దానికి తోడు మీ ట్రిప్‌లో సగం ఖర్చు అదే కార్డు మీద, ఇక ఈఎంఐ కూడా ఆ కార్డు మీదే పెట్టారంటే ఆ మొత్తమంతా మొదటి రోజే లిమిట్‌లోంచి పోతుంది, నెల నెలా కట్టేకొద్దీ కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది. అంటే మీరు ఇంటికి బాగా దూరంగా ఉన్న ఐదు రోజుల్లో మీ "ఎమర్జెన్సీ ఫండ్" అన్నిటికంటే తక్కువగా ఉంటుందన్నమాట. ఆ టైమ్‌లో ఇంటి దగ్గర పెద్దవాళ్లకి ఒంట్లో బాలేదని ఫోన్ వస్తే అప్పటికప్పుడు రెండు టికెట్లు దేంతో కొంటారు?

పైగా ఇద్దరూ ఒకే కంపెనీ. దీన్ని మీరు ఏదో మాట వరసకి రాసినట్టు రాశారు గానీ నాకు మీ లెటర్‌లో అన్నిటికంటే భయం వేసింది అక్కడే. రెండు జీతాలు ఉన్నాయి కదా అన్న ధీమా మీకు పనికిరాదు, ఆ కంపెనీకి కష్టం వస్తే రెండూ ఒకేసారి ఆగుతాయి, బోనస్ అయితే వాటికంటే ముందే ఆగుతుంది. ఆ బోనస్‌తోనే కార్డు తీర్చేస్తామంటున్నారు! మీలాంటి జంటకి నేను ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టమంటాను, ఆ ఖర్చుల్లో ఇంటి ఈఎంఐ లేదా అద్దె, ఇన్సూరెన్స్ ప్రీమియంలు, పెద్దవాళ్లకి పంపేది అన్నీ కలపాలి. మీ దగ్గర ఉన్నది 20 రోజులకి.

నో కాస్ట్ అన్నది కూడా ఒకసారి లెక్కేద్దాం. ఇలాంటి స్కీముల్లో ప్రాసెసింగ్ ఫీజు అని ఒకటి ఉంటుంది, వందకి మూడు అనుకుందాం, చూడ్డానికి 3 శాతమే. కానీ మీరు నెల నెలా తీరుస్తూ వస్తారు కాబట్టి ఏడాది మొత్తం మీద చూస్తే సగటున మీ నెత్తిన ఉండే అప్పు మొదట తీసుకున్నదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి అసలు వడ్డీ దాదాపు ఐదున్నర శాతం పడుతుంది, డబ్బు మొత్తం ఒకేసారి కడితే ఇచ్చే డిస్కౌంట్ ఏదైనా ఉంటే అది పోవడం వేరే. ఇది పోనీ భరించొచ్చు. కార్డు సంగతి అలా కాదు, నెలకి 3 అంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. బోనస్ ఆలస్యమై మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన చిన్న మొత్తం మాత్రమే, కడుతూ కూర్చున్నారంటే ఆ తర్వాత కొనే కూరగాయలకీ పెట్రోల్‌కీ కూడా వడ్డీ లేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఈ సంగతి తెలియక మినిమమ్ కడుతున్నాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లని చూస్తే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. విహారం కోసం 42 శాతానికి అప్పు చెయ్యొద్దు, దీంట్లో రెండో మాట లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద లోను, మ్యూచువల్ ఫండ్స్ కొన్ని అమ్మడం, ఇలాంటివి కార్డు కంటే నయమే, అయినా సెలవుల కోసం అవీ వద్దనే అంటాను.

సరే, మీరు అడిగింది ఊరు గురించి. నన్నడిగితే తవీరా. ఎందుకో చెప్తాను, ఇందులో డబ్బు లెక్కే ఎక్కువ.

ఐదు రాత్రులంటే మీ చేతిలో ఉండేది నాలుగు పూర్తి రోజులు. జనవరిలో అక్కడ పగలు పది గంటలే, ఒక రౌండ్‌కి నాలుగు నాలుగున్నర గంటలు పడుతుంది, ముందు వెనక కలిపితే సగం రోజు పైనే పోయినట్టు. నాలుగు రోజుల్లో నాలుగు రౌండ్లు ఆడితే మీ ఆవిడ ఊళ్లు ఎప్పుడు చూస్తారు? మీరు ఆడుతున్నప్పుడు ఆవిడ ఒక్కరే కారు తీసుకెళ్లాలి, లేదా రిసార్ట్‌లో కూర్చోవాలి. విలమోరా గోల్ఫ్‌కి గొప్ప చోటే, కాదనను, అక్కడి ఓల్డ్ కోర్స్ 1969 నుంచీ ఉంది, విక్టోరియా కోర్స్ అయితే పేరున్న గోల్ఫ్ ఆటగాడు ఆర్నల్డ్ పామర్ డిజైన్, అక్కడ పోర్చుగల్ మాస్టర్స్ టోర్నమెంట్ ఆడేవాళ్లు, ఫారో ఎయిర్‌పోర్ట్ నుంచి అరగంట లోపే. కానీ అది గోల్ఫ్ కోసం, మెరీనా (విహార పడవల రేవు) కోసం కట్టిన ఊరు, రైల్వే స్టేషన్ ఊళ్లో లేదు, కాబట్టి తిరగాలంటే ప్రతిదానికీ కారో టాక్సీయో కావాలి. లాగోస్ మంచి ఊరు, పాల్మరేస్ లాంటి కోర్సులు పక్కనే, సాగ్రెష్, కేప్ సెయింట్ విన్సెంట్ దగ్గర, అయితే ఎయిర్‌పోర్ట్ నుంచి 90 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఐదు రాత్రుల ట్రిప్‌కి రానూ పోనూ అంత దూరం ఎందుకు అనిపిస్తుంది నాకు.

తవీరా అసలైన పాత ఊరు, నది, వంతెన, కోట అన్నీ నడిచి చూసేంత దగ్గర. రైలు ఉంది. మీరు బెనమోర్‌లోనో కింతా ద రియాలోనో ఆడుతుంటే, రెండూ ఊరికి దగ్గరే టాక్సీలో వెళ్లిపోవచ్చు, ఆవిడ రైలెక్కి ఫారో పాత ఊరు చూసి రావచ్చు, లేదా అటువైపు సరిహద్దులోని విలా రియల్ ద సాంతో ఆంతోనియో దాకా వెళ్లి నది మీద పడవ దాటితే స్పెయిన్‌లో ఆయామొంతే, మధ్యాహ్నానికి మళ్లీ కలుసుకోవచ్చు. కారు ఐదు రోజులు అక్కర్లేదు, సిల్వెస్ కోట, మోన్షిక్ కొండలు ఒక రోజు, సాగ్రెష్ వైపు ఒక రోజు, ఈ రెండు రోజులకే తీసుకోండి. అల్గార్వ్ పొడవునా వెళ్లే ఏ22 హైవే మీద టోల్ 2025 జనవరి 1 నుంచి తీసేశారు, పాత సలహాలు నమ్మకండి, టోల్ డివైస్ అని కౌంటర్లో ఏదైనా అంటగడితే అవసరమా అని అడగండి.

రౌండ్లు రెండు చాలు. జనవరి అక్కడ గోల్ఫ్‌కి చవక సీజన్, గిరాకీ అంతా వసంతంలో, శరత్కాలంలో, అందుకే ముందే నాలుగు రౌండ్లకీ డబ్బు కట్టేసి ఇరుక్కోవాల్సిన పని లేదు. చలికాలం వానలు కూడా పడతాయి. కోర్సు మూసేస్తే డబ్బు వెనక్కి ఇస్తారేమో గానీ, వాన పడుతోంది నాకు మూడ్ లేదంటే ఇవ్వరు, నేల తడిగా ఉంటే బగ్గీ (కోర్సులో తిరిగే చిన్న బండి) కూడా తియ్యనివ్వరు, కట్టిన డబ్బుకి నడవాలి. ఒక రౌండ్ ముందు బుక్ చెయ్యండి, రెండోది వాతావరణం చూసుకుని అక్కడికి వెళ్లాక. హోటల్ కూడా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే, నాలుగు శాతం ఎక్కువైనా సరే. ఊరు ఎంచుకునేటప్పుడు అసలు నేను చూసేది ఇదే, రేపు ఏదైనా తేడా వచ్చి వెళ్లలేకపోతే ఎంత డబ్బు పోతుంది అని. ప్యాకేజీ రిసార్ట్‌లో దాదాపు అంతా పోతుంది, తవీరాలో మామూలు హోటల్ అయితే టికెట్లు, ఒక రౌండ్ పోతాయి.

ఇవన్నీ మార్చుకుంటే మీ నెలన్నర కాస్తా నెల జీతం లోపుకి దిగడం కష్టం కాదు. అప్పుడు ఈఎంఐ, కార్డు రెండూ వదిలేసి, ఆ ఈఎంఐకి కట్టబోయే మొత్తాన్ని ఈ నెల నుంచే ఒక వేరే అకౌంట్‌లోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి, బోనస్ వస్తే అందులో సగం పైన ఎమర్జెన్సీ ఫండ్‌కి, మిగతాది ట్రిప్ అకౌంట్‌కి. ఎమర్జెన్సీకి కనీసం మూడు నెలల ఖర్చులు చేరేదాకా టికెట్లు బుక్ చెయ్యొద్దు. ఈ జనవరికి చేరకపోతే వచ్చే జనవరికి వెళ్లండి, అల్గార్వ్ ఎక్కడికీ పోదు, చవక సీజన్ ప్రతి ఏడాదీ వస్తుంది. మూడు నెలలతో ట్రిప్‌కి ఒప్పుకుంటున్నాను గానీ ఆరు నెలలు చేర్చే పని ఆపమని మాత్రం కాదు.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క ముక్క మీరు రాయలేదు, అది కూడా నన్ను ఆశ్చర్యపరచలేదు. ట్రావెల్ పాలసీ బయల్దేరే రోజు ఎయిర్‌పోర్ట్‌లో కాదు, టికెట్లు బుక్ చేసిన రోజే తీసుకోండి, ఎందుకంటే ట్రిప్ క్యాన్సిల్ అయితే వచ్చే కవర్ పాలసీ తీసుకున్నాకే పనిచేస్తుంది, మధ్యలో ఎవరికైనా జబ్బు చేస్తే అప్పుడు కొన్న పాలసీ ఎందుకూ పనికిరాదు. మీకు షెంగెన్ వీసా కావాల్సి ఉంటే మెడికల్ కవర్ కనీసం 30,000 యూరోలు ఉండాలన్నది రూలు, అది కనీసం మాత్రమే, దాని మీద ఆగిపోకండి. బీపీ, షుగర్ ఏదున్నా దాచకుండా చెప్పండి. గోల్ఫ్ కిట్‌కి కవర్ ఉందంటే సంబరపడకండి, ఒక్కో వస్తువుకి లిమిట్ ఎంతో చూడండి, క్లబ్బుల సెట్ మొత్తాన్ని ఒకే వస్తువు కింద లెక్కేసే పాలసీలు ఉన్నాయి. మీరు కొట్టిన బంతి ఎవరికైనా తగిలితే కట్టాల్సిన పరిహారం, అదే పర్సనల్ లయబిలిటీ, గోల్ఫ్ ఆడేటప్పుడు వర్తిస్తుందో లేదో రాతలో చూసుకోండి, నాకైతే పోయిన క్లబ్బుల కంటే ఇది ముఖ్యం. హోల్ ఇన్ వన్, అంటే ఒకే దెబ్బకి బంతి గుంతలో పడేలా, కొడితే క్లబ్‌హౌస్‌లో అందరికీ పార్టీ ఇచ్చే ఖర్చుకి కూడా కవర్ అమ్ముతారు, దానికి డబ్బు పెట్టేముందు మీ ఇద్దరికీ ఆఫీసు ఇచ్చేది కాకుండా సొంత హెల్త్ పాలసీ ఉందా చెప్పండి. ఇద్దరూ ఒకే కంపెనీ కదా, ఉద్యోగాలు పోతే హెల్త్ కవర్ కూడా ఒకేసారి పోతుంది. సొంత పాలసీ లేకపోతే టికెట్ల కంటే ముందు అది.

అక్కడ కార్డు గీకేటప్పుడు మెషీన్ మీద మీ కరెన్సీలోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలు నొక్కండి. కార్డుతో ఏటీఎంలో క్యాష్ తియ్యకండి, ఆ నిమిషం నుంచే వడ్డీ.

సెవిల్ ఒక్క రోజులో వెళ్లొద్దామా అని కూడా అడిగారు. తవీరా నుంచి వెళ్లగలరు, కానీ అద్దె కారుని సరిహద్దు దాటించడానికి కంపెనీ పర్మిషన్, చాలా చోట్ల అదనపు ఫీజు ఉంటాయి, చెప్పకుండా దాటితే ఇన్సూరెన్స్ చెల్లదనే అవకాశం ఉంది, పైగా స్పెయిన్ గడియారం ఒక గంట ముందు నడుస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడే గంట పోతుంది. ఉన్న నాలుగు రోజుల్లో దానికి ఒక రోజు ఇవ్వొద్దు. ఆయామొంతే పడవతో సరిపెట్టుకోండి, సెవిల్‌కి ఇంకోసారి నేరుగా వెళ్లొచ్చు.