ఈడేరిన పిల్ల, మెచ్యూరైన తెలుగు

సందేహం: కరీబియన్ దీవుల్లో ఒక ఆడపిల్ల ఎదుగుదలను చెప్పే నవలను తెలుగు చేస్తున్నాను. బడిలో తెల్లవాళ్ల పద్ధతి, ఇంట్లో అమ్మమ్మ పద్ధతి. 'ఆ యేడు ఆమె రజస్వలై యుక్తవయస్సులో ప్రవేశించింది' అని రాశాను. 'మెచ్యూర్ అయింది' అంటే చాలదా అని మిత్రులొకరు అడిగారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: బ్యాంకులో డిపాజిట్టు మెచ్యూరవుతుంది. ఇప్పుడు కల్యాణమండపాల ఫ్లెక్సీల మీద పిల్లలూ అవుతున్నారు. మీ అనువాదంలోకి మాత్రం ఆ మాటను రానివ్వకండమ్మా.

'రజస్వల'తో చిక్కు వేరు. రజస్సుకు పాణిని 'వలచ్' ప్రత్యయం చేర్చాడు. రజస్సు గలది అని అర్థం. తొలిసారి అన్న సూచన అందులో లేదు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిననాడు ఆమె రజస్వల, అప్పటికే ఐదుగురు బిడ్డల తల్లి! పంచాంగకర్తలు 'ప్రథమ రజస్వల' అని జాగ్రత్తగా రాస్తారు, మనమే ముందున్న 'ప్రథమ'ను కోసేశాం. 'పుష్పవతి' కూడా ఆ సంస్కృతపు ముసుగే. 'సమర్త' సమర్థకు వాడుక రూపం. దేనికి సమర్థ అంటే కాపురానికి. బాల్యవివాహాల వాసన ఇంకా వదల్లేదు.

నా మనసు 'ఈడేరు' మీద ఉంది. ఈడు అంటే వయసు, సాటి కూడా: ఈడూజోడూ, ఈడొచ్చిన పిల్ల. రెండో ముక్క పాత రాతలో బండి ఱతో 'ఏఱు'. తమిళంలో ఏఱు అంటే ఎక్కడం. మనకది విడిగా నిలవలేదు గానీ 'నెరవేరు'లో దాక్కుంది. తమిళుల 'నిఱైవేఱు' పక్కన పెట్టి చూడండి, తోబుట్టువులని తెలిసిపోతుంది. నగరి దాటితే 'ఈడేఱు' అంటే కోరిక తీరడం, గట్టెక్కడం. మన ప్రబంధాల్లోనూ కోర్కులు ఈడేరతాయి. పిల్ల ఎదగడానికీ కోరిక ఫలించడానికీ ఒకే క్రియ! బండి ఱను అచ్చులోంచి తరిమేశాక ఈ చుట్టరికం కంటికి ఆనడం లేదు. 'ఏరు' అని రాసి, ఏరుకోవడమేమో అనుకుంటున్నారు.

ఇక మీ నవల. ఇంగ్లీషువాళ్లకు వయసు రావడమంటే చట్టం చెప్పే అంకె. వాళ్ల దేశంలో చాలాకాలం 21. ఇక్కడా అలాంటి అంకెలే తెచ్చారు: 1875 మెజారిటీ (వయోజనత్వం) చట్టంలో 18, 1891 సమ్మతి వయసు (ఆడపిల్లతో సంభోగానికి) చట్టంలో 12, 1929 శారదా చట్టంలో ఆడపిల్ల పెళ్లికి 14. మన ఇళ్లలో లెక్క అది కాదు. మేనమామ పచ్చి కొబ్బరిమట్టలతో గుడిసె కట్టడం, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి పెట్టడం, బేసిరోజున తలస్నానం. బడి రిజిస్టరు ఒక వయసు చెబుతుంది, అమ్మమ్మ ఇంకొకటి. మీ వాక్యం రెండింటినీ ఒకే సంస్కృత సమాసాల కింద తొక్కేసింది.

అమ్మమ్మ నోట 'పెద్దమనిషి అయింది' అనిపించండి; మన చిత్తూరు వైపు ఇప్పటికీ బతికున్న మాట. బడి పంతులమ్మ నోట 'పదమూడు నిండాయి' చాలు. కథకురాలు తన మొత్తం ఎదుగుదలను తలచుకునే చోట 'ఈడేరాను' అంటే నాకు సంతోషం. మరీ పాతగా ఉందని మీ సంపాదకులంటే పట్టుబట్టను, ఎందుకంటే ఇప్పటి పిల్లలకు 'కోరిక ఈడేర్చు' ఒక్కటే తెలుసు. పాత నిఘంటువులో 'ఈడేఱు' అని కనబడితే అచ్చుతప్పు అనుకోకండి.