ప్రాసిక్యూటర్‌గా గడిపిన ఏళ్లు లెక్కకు వస్తాయి

బెంగళూరు మెజిస్ట్రేట్ కోర్టులో ఎనిమిదేళ్లుగా అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా ఉన్నందువల్ల, ప్రభుత్వ జీతం కారణంగా జిల్లా జడ్జి పోస్టుకు అనర్హురాలినవుతానా అని అడిగారు. కారండీ. రాజ్యాంగంలోని 233(2) అధికరణ కోరేది ఏడేళ్ల న్యాయవాద అనుభవం. కోర్టులో ప్రభుత్వం తరఫున కేసులు నడిపే ప్రాసిక్యూటర్లు కూడా న్యాయవాదులేనని దీపక్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. మిమ్మల్ని భయపెట్టిన సహోద్యోగికి ఆ తీర్పు చూపించండి.

నాకు బెంగ పరీక్షలో మీ సివిల్ సబ్జెక్టు గురించే. ఇన్నేళ్లూ ఛార్జిషీటు, సాక్షులు, బెయిలు వ్యతిరేకించడం, ఇవే మీ లోకం. అందుకే భాగపంపకం దావా ఒకటి తీసుకోండి. వాదపత్రం, జవాబు పత్రం పక్కపక్కనే పెట్టుకుని, ప్రతివాది ఒప్పుకున్న అంశాలన్నీ కొట్టేసి, మిగిలిన వివాదాల మీద సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 14 ప్రకారం ఇష్యూలు, అంటే కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు, మీరే రాయండి. ఆ తర్వాతే కోర్టు రాసినవి చూడండి. తేడా ఎక్కడుందో అక్కడే చదవాలి.

ఇంట్లో తెలుగుతో పెరిగిన మనవాళ్లకు కన్నడ మాట్లాడటం తేలికే, రాత మాత్రం నెమ్మదిస్తుంది. రోజూ ఒక వాంగ్మూలం కన్నడలో చేత్తో రాయండి.

శాఖ నుంచి నిరభ్యంతర పత్రానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. నోటిఫికేషన్ వచ్చాక తిరిగితే గడువు దాటిపోవచ్చు.